పాడేరు ఘాటు ఎక్కేముందు

మా మన్యం వస్తున్నారా, మంచిది. "అమాయక గిరిజనులు" అన్న మాట మాత్రం కిందే వదిలేసి రండి.

దారిలో కాస్త చరిత్ర చదవండి. 1879లో రంప కొండలు తిరగబడ్డాయంటే ఆ కొండల్ని ఏలే మన్సబుదారు కల్లు మీద వేసిన పన్ను ఒక కారణం. 1882 అటవీ చట్టం పోడు సాగుకు (అడవి కొట్టి, కాల్చి చేసే సేద్యానికి) అడ్డుపడింది, ఆపైన ఘాటు రోడ్డు పనికి వెట్టి. 1922 ఆగస్టు 22న తిరగబడ్డవాళ్లు చింతపల్లి పోలీసు స్టేషన్లో తుపాకులు పట్టుకెళ్లారు. అల్లూరి సీతారామరాజు పేరు మీకు తెలుసు. ఆయన వెంట పోరాడిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల పేర్లు కూడా నేర్చుకుని రండి.

అందరినీ ఒకే గాటన కట్టొద్దు. బగత, కొండదొర, వాల్మీకి, గదబ, పోర్జ, కోందు... కొందరిళ్లలో మాట్లాడేది కువి, కొందరిళ్లలో ఆదివాసీ ఒడియా.

నా జీపెక్కిన ప్రతివాడూ గంజాయి గురించే అడుగుతాడు. ఉంది, కాదనను. పేపర్లో ఫొటో పడేది మూట మోసిన కుర్రాడిదే, పెట్టుబడి పెట్టినవాడిది కాదు. కాఫీ, మిరియాలు, పసుపు ధర ఎంత పలుకుతోందో కూడా అడగండి బాబూ!

స్థలం బేరం అసలే వద్దు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. "ఎవరి పేరు మీదైనా రాయిద్దాం" అనేవాళ్లని నేను మధ్యలోనే దింపేస్తాను.

సంతలో ఫొటో తీసేముందు అడగండి. ముక్కుకు మూడు పోగులున్న ముసలమ్మ బొమ్మ కాదు, పిప్పళ్లు అమ్ముకోడానికి వచ్చింది. బేరమాడితే ఆడండి, కొనండి.