బెలారస్ డిఫెండర్ కెరీర్‌ని ఎలా చదవాలి

ఫుట్‌బాల్ డిఫెండర్ గణాంకాల పేజీ తెరిచి, గోల్స్ కాలమ్ చూసి, మూసేసేవాళ్లే ఎక్కువ. పదిహేనేళ్లు ఆడిన మనిషికి పది గోల్స్ కూడా లేకపోతే ఇక చూడ్డానికేముంది అనిపిస్తుంది. పైగా బెలారస్ ఆటగాడైతే క్లబ్బుల పేర్లు కూడా కొత్తే. కానీ ఆ నాలుగైదు వరుసల్లో చాలా ఉంది, చూసే వరస తెలియాలంతే. నేను చూసే పద్ధతి చెప్తాను.

ముందు పేరు. బెలారస్‌లో ఒకే మనిషికి రెండు స్పెల్లింగులు తిరుగుతుంటాయి. ఉదాహరణకి ఒక డిఫెండర్ రష్యన్ పద్ధతిలో సెర్గేయ్ గురెంకో అయితే, బెలారసియన్‌లో సియర్హేయ్ హురెంకా. 'గ' ఉన్నచోట 'హ' వస్తుంది, చివరి 'ఒ' 'ఆ' అవుతుంది. ఊళ్లూ అంతే, గ్రోద్నో అన్నా హ్రోద్నా అన్నా ఒకటే. రెండు స్పెల్లింగులతోనూ వెతకండి, దొరికింది అతనేనా కాదా అన్నది పుట్టిన తేదీతో సరిచూసుకోండి.

తర్వాత క్యాలెండర్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బెలారస్ లీగ్ వసంతంలో మొదలై చలికాలం ముందు ముగుస్తుంది, అంటే ఒక సీజన్‌కి ఒకే సంవత్సరం రాస్తారు. ఇటలీ, స్పెయిన్‌లో అలా కాదు, రెండేళ్ల అంకెలు ఉంటాయి. రష్యా కూడా ఒకప్పుడు బెలారస్ లాగే ఆడేది, తర్వాత మార్చుకుంది, ఆ మార్పు కోసం 2011–12 సీజన్‌ని ఏకంగా ఏడాదిన్నర లాగి ఒక్కో జట్టుతో 44 మ్యాచ్‌లు ఆడించారు. అలెగ్జాండర్ మార్తినోవిచ్‌ని తీసుకోండి. డైనమో మిన్స్క్ నుంచి 2010లో రష్యా క్లబ్ క్రాస్నోడార్ వెళ్లి, 2022 దాకా అక్కడివాడే అయి, మధ్యలో కెప్టెన్ కూడా అయ్యాడు. ఇలాంటి ఆటగాడి పేజీలో ఆ ఒక్క సీజన్ అంకెని మిగతావాటి పక్కన పెట్టి పోల్చకండి. ఆ ఏడాది ఎవరికైనా ఆడే అవకాశాలే ఎక్కువ.

ఇప్పుడు ఒక కెరీర్‌ని దగ్గర పెట్టుకుని చదువుదాం. గురెంకో 1972లో గ్రోద్నోలో పుట్టాడు, సొంత ఊరి నేమన్ జట్టుతో మొదలు. 1993లో ఆ జట్టు బెలారస్ కప్ గెలిచింది. అక్కణ్ణుంచి లోకోమోటివ్ మాస్కో, 1996, 1997ల్లో వరసగా రెండు రష్యా కప్పులు. 1999లో ఇటలీ క్లబ్ రోమా. అక్కడ పెద్దగా చోటు దొరకలేదు. ఆ ఒక్క వరుస చూసి చాలామంది విఫలమయ్యాడని రాసేస్తారు, నాకు అది అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే కింద వరుస చూడండి: 2000–01లో జరగోజా, ఆ జట్టు స్పెయిన్ కప్ గెలిచింది. 2001–02లో పార్మా, ఆ జట్టు ఇటలీ కప్ గెలిచింది. తర్వాత పియాచెంజా, మళ్లీ లోకోమోటివ్, 2004లో రష్యా ఛాంపియన్. దేశానికి 80 మ్యాచ్‌లు. గోల్స్ కాలమ్‌లో ఇందులో ఒక్క ముక్కా కనిపించదు. అందుకే వరుసల్ని విడివిడిగా చూడకండి, ఒకచోట ఆగిపోయినవాడిని తర్వాత ఎవరు పిలిచారు, పాత క్లబ్బు మళ్లీ తీసుకుందా లేదా అన్నది చూడండి. పాత కోచ్‌లూ క్లబ్బులూ వెనక్కి పిలుస్తున్నారంటే అంతకన్నా గట్టి సర్టిఫికెట్ డిఫెండర్‌కి ఉండదు.

జట్టు తిన్న గోల్స్ కూడా జాగ్రత్తగా చదవాలి. బాటే బోరిసోవ్ 2006 నుంచి 2018 దాకా వరసగా 13 సార్లు బెలారస్ ఛాంపియన్. అదే జట్టు 2014 చివర్లో ఛాంపియన్స్ లీగ్ గ్రూప్‌లో ఆరు మ్యాచ్‌ల్లో 24 గోల్స్ తినింది, పోర్టో చేతిలో 0–6, షాఖ్తార్ చేతిలో సొంత గడ్డపై 0–7. మధ్యలో స్పెయిన్ జట్టు అథ్లెటిక్ బిల్బావోని 2–1తో ఓడించింది కూడా. దేశంలో ఛాంపియన్, యూరప్‌లో అన్ని గోల్స్, రెండూ ఒకే ఏడాది, ఒకే డిఫెన్స్. ఇందులో దేన్నైనా ఒక్కదాన్నే పట్టుకుంటే ఆటగాడు మీకు అర్థం కాడు. ఆ జట్టులో ఉన్న యెగోర్ ఫిలిపెంకోని కొన్ని వారాలకే, 2015 జనవరిలో, స్పెయిన్ క్లబ్ మలగా తీసుకుంది. స్కోరు బోర్డు కాకుండా మనిషి ఆటని చూసినవాళ్లు ఉన్నారన్నమాట.

దేశం తరఫు మ్యాచ్‌ల దగ్గర ఒకటి గుర్తుంచుకోండి, బెలారస్ సీనియర్ జట్టు ఇంతవరకు వరల్డ్ కప్‌కి గానీ యూరో (యూరప్ ఛాంపియన్‌షిప్)కి గానీ వెళ్లలేదు. కాబట్టి పెద్ద టోర్నమెంట్ కాలమ్ ఖాళీగా ఉంటే అది ఆ ఆటగాడి లోటు కాదు. అండర్-21 వరుస మాత్రం వదలకండి. 2011లో డెన్మార్క్‌లో జరిగిన అండర్-21 యూరోలో మూడో స్థానం మ్యాచ్, చెక్ రిపబ్లిక్‌తో, లండన్ ఒలింపిక్స్ బెర్త్ దానిమీదే ఉంది. 88వ నిమిషం దాకా గోల్ లేదు, అప్పుడు కొట్టింది ఇందాక చెప్పిన ఫిలిపెంకోనే, సెంటర్ బ్యాక్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు. బెలారస్ ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌కి వెళ్లడం అదే మొదటిసారి. పేజీలో అది '1' అని ఉంటుంది, అంతే. అందుకే గోల్స్ కాలమ్‌లో అంకె చిన్నదైతే దాటెయ్యకుండా ఆ ఒక్కటీ ఎప్పుడు, ఎవరిమీద, ఏ నిమిషంలో అని మ్యాచ్ రిపోర్టు తెరిచి చూడండి.

ఇప్పటి ఆటగాళ్లని చూస్తుంటే ఇంకొక చిన్న విషయం. 2022 నుంచి బెలారస్ క్లబ్బులూ జాతీయ జట్టూ యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) పోటీల్లో సొంత మ్యాచ్‌లని వేరే దేశంలో, ప్రేక్షకులు లేకుండా ఆడాల్సి వస్తోంది. హోమ్ అని రాసి ఉన్నా అది ఖాళీ స్టేడియం, పరాయి ఊరు. ఆ మ్యాచ్‌లని పాత హోమ్ రికార్డుతో కలిపి లెక్కెయ్యకుండా వేరుగా రాసుకోండి.