మంచితనంతో మసలుకోవడం ఎలా? ‘ఇడియట్’ నవల చెప్పే దారి

రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ నవల ‘ఇడియట్’ 1868లో ఒక రష్యన్ పత్రికలో ధారావాహికగా మొదలైంది. కథానాయకుడు ప్రిన్స్ మిష్కిన్ మూర్ఛ వ్యాధికి స్విట్జర్లాండ్‌లో వైద్యం చేయించుకుని, చేతిలో చిన్న మూటతో పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వస్తాడు. అతని దగ్గర నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి, జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి.

1. గుమ్మం దగ్గరి మనిషితో మనసు విప్పి మాట్లాడండి. జనరల్ యెపాంచిన్ ఇంట్లో నౌకరు మిష్కిన్‌ను డబ్బు సాయం అడగడానికి వచ్చినవాడేమో అనుకుంటాడు. పైపు కాల్చుకోవచ్చా అంటే కసిరినంత పని చేస్తాడు. మిష్కిన్ నొచ్చుకోడు. ఫ్రాన్స్‌లో తాను చూసిన మరణశిక్ష గురించి, స్నేహితుడికి చెప్పినట్టే అతనికి చెబుతాడు. చివరికి ఆ నౌకరే కాల్చుకోవడానికి చోటు చూపిస్తాడు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పార్సిల్ సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడి ఎన్నాళ్లయింది?

2. అడ్డుపడండి, తిరిగి కొట్టకండి. జనరల్ యెపాంచిన్ కార్యదర్శి గాన్యా తన చెల్లెలిపై చెయ్యి ఎత్తితే మిష్కిన్ ఆ చేతిని పట్టుకుంటాడు. చెంపదెబ్బ అతనికే తగులుతుంది. చేసిన పనికి నువ్వే సిగ్గుపడతావని మాత్రం అంటాడు. తర్వాత గాన్యా వచ్చి క్షమాపణ అడుగుతాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరినైనా అవమానిస్తుంటే చూస్తూ ఊరుకోవడం మంచితనం కాదు.

3. జాలిని బహిరంగంగా చూపకండి. గాన్యా తండ్రి జనరల్ ఇవోల్గిన్ తాను నెపోలియన్ దగ్గర పనిచేశానంటూ కోతలు కోస్తే మిష్కిన్ ఓపిగ్గా వింటాడు. ఆ ఓపికలోని జాలే ముసలాయనకు అవమానమైంది.

4. ‘నేనున్నాను’ అనే ముందు లెక్క చూసుకోండి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. మిష్కిన్‌కు జనరల్ యెపాంచిన్ చిన్న కూతురు అగ్లాయాపై ప్రేమ, సంరక్షకుడి చేతిలో నలిగిన నస్తాస్యా ఫిలిప్పోవ్నాపై జాలి. ఇద్దరూ ఎదురుపడి తేల్చమన్నప్పుడు మిష్కిన్ ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అది చాలు, అగ్లాయా వెళ్లిపోతుంది. నస్తాస్యా పెళ్లిరోజున మిష్కిన్‌ను వదిలి, తనను పిచ్చిగా కోరుకునే రొగోజిన్‌తో వెళ్లి, ఆ రొగోజిన్ చేతిలోనే ప్రాణం పోగొట్టుకుంటుంది. మిష్కిన్‌కు మతి చెదురుతుంది. ఇందులో మిష్కిన్‌కు ఎవరిపట్లా దురుద్దేశం లేదు, తేల్చి చెప్పకపోవడమే ఉంది. సాయం అడిగినవారికి ఎంత సమయం, ఎంత డబ్బు ఇవ్వగలరో ముందే చెప్పండి. కుదరకపోతే మొదటి రోజే కాదనండి.

నవల లావు చూసి జంకితే మొదటి భాగంతో మొదలుపెట్టండి. అదంతా ఒకే రోజులో జరిగే కథ. పాత్రల పేర్లు ఒక కాగితంపై రాసి పెట్టుకోండి, రష్యన్ నవలలో ఒక్కో మనిషికి మూడేసి పిలుపులు ఉంటాయి మరి.