ఏరేటర్ల హోరులో డైలాగు

మలికిపురం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద మా షార్ట్ ఫిలిం షూటింగ్. కెమెరా మీద బిగించిన చవక షాట్‌గన్ మైకులో (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు) హీరోయిన్ గొంతు కన్నా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరే ఎక్కువ పడింది. ఖరీదైన మైకు కొనాలేమోనని టెన్షన్. మా బావ విని, "మైకు కాదురా, చోటు మార్చు" అన్నాడు.

నిజమే. దూరం సగానికి తగ్గితే ఆరుబయట గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పెరుగుతుంది. 2 మీటర్ల నుంచి అర మీటరుకి తెస్తే 12. వెదురు గెడ చివర మైకుని రబ్బరు బ్యాండ్లతో వేలాడదీసి, తల పైనుంచి నోటివైపు వంచాం. అలాగైతే మైకు చూసేది నేలని, చెరువుని కాదు. గాలి శబ్దం ఫోమ్ తొడుగుతో ఆగలేదు, బొచ్చు తొడుగు వేశాక ఆగింది. మోటార్ల బొంగురు మోత మాత్రం కొంత మిగిలింది. లోతు శబ్దాల్ని షాట్‌గన్ అంతగా ఆపలేదు, అందుకే 80 హెర్ట్జ్ కన్నా లోతు శబ్దాల్ని తగ్గించే లో-కట్ పెట్టాం.

మైకు కొనేవాళ్లు ముందు దాని వైరు పిన్ను చూసుకోండి. కెమెరా మైకు పిన్నుకి మామూలుగా రెండు నల్ల గీతలు, ఫోన్ పిన్నుకి మూడు. నేను చూసుకోక ఒక పూట షూటింగ్ పోగొట్టాను. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే అందే కరెంటు) అడిగే మైకైతే దాన్నిచ్చే రికార్డర్ కూడా కొనాలి.