టీ కప్పు ఎత్తితే చెయ్యి వణుకుతోందా?

కప్పు నోటిదాకా వచ్చేసరికి టీ ఒలికిపోతుంది. సంతకం వంకర్లు పోతుంది. పెళ్లి భోజనాల్లో నలుగురూ చూస్తుంటే వణుకు ఇంకా పెరుగుతుంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఏమీ ఉండదు. ఇలా చెప్పేవాళ్లలో చాలామందిది ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పని చేసేటప్పుడు చేతులు వణికే జబ్బు. ఇంట్లోవాళ్లు పార్కిన్సన్స్ అని భయపడతారు, బయటివాళ్లు తాగుడు అలవాటుందేమో అనుకుంటారు. ఆ రెండో మాట పడలేక ఫంక్షన్లకే వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారు.

పనిలో వణుకా, ఊరికే ఉన్నప్పుడా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. రెండు చేతులూ ముందుకు చాపించండి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయించండి. చెయ్యి కాగితానికి ఆనించకుండా జిలేబీ చుట్టలాంటి గీత గీయించండి. ఎసెన్షియల్ ట్రెమర్‌లో ఆ గీత అలలు అలలుగా వస్తుంది. వణుకు సాధారణంగా రెండు చేతుల్లోనూ ఉంటుంది, కొందరికి తల అడ్డంగా ఊగుతుంది, గొంతు వణుకుతుంది. అమ్మకో, నాన్నకో, తాతకో ఇలా ఉండేదా అని తప్పక అడగండి, ఇది వంశంలో వచ్చే అవకాశం ఎక్కువ.

పార్కిన్సన్స్ వేరు. అందులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు, ఎక్కువగా ఒకవైపే మొదలవుతుంది. నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుస్తుంది, అక్షరాలు చిన్నవైపోతాయి. గీత గీసిన కాగితం మీద తేదీ వేసి న్యూరాలజిస్టుకు చూపించండి.

ఈమధ్యే మొదలైందా?

అయితే మందుల డబ్బా తెరిచి చూడండి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక జబ్బులకు వాడే లిథియం, ఇవన్నీ చేతులు వణికించగలవు. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి సిన్నరిజిన్ వేసుకుంటే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చు. మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. నలభై లోపు వయసులో వణుకు మొదలైతే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు లేదని తేల్చుకోవాలి. వణుకు ఉన్నట్టుండి వచ్చి, మాట ముద్దగా అయినా, కాలో చెయ్యో పడిపోయినా 108కి ఫోన్ చేయండి.

మందు ఎప్పుడు?

పనులకు అడ్డురాకపోతే అక్కర్లేదు. అడ్డొస్తే సాధారణంగా ప్రొప్రనలాల్ తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఆస్తమా ఉన్నా, గుండె బాగా నెమ్మదిగా కొట్టుకుంటున్నా ఇది పనికిరాదు. షుగర్ మందులు వాడేవాళ్లకు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ తెలియకుండా పోతుంది. ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. రెండో మందు ప్రిమిడోన్. మొదటి రోజుల్లో మత్తు, తల తిరగడం ఉంటాయి, అందుకే రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెడతారు. వణుకు సగం తగ్గినా మందు బాగా పనిచేసినట్టే.

ఒక పెగ్గుతో తగ్గుతుందని కొందరంటారు. చాలామందిలో తగ్గేమాట నిజమే, కానీ దిగాక వణుకు ఇంకా ఎక్కువవుతుంది. దాన్ని మందుగా వాడుకోకండి.

తల, గొంతు వణుకుకు బోటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. మందులకు లొంగకపోతే మెదడులో ఎలక్ట్రోడ్ అమర్చే డీబీఎస్ ఉంది. కోత లేకుండా, ధ్వని తరంగాలను మెదడులో ఒకేచోట కేంద్రీకరించి చేసే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌కు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈలోగా

బరువున్న గ్లాసు సగమే నింపండి, మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. లావు పెన్ను వాడండి. బ్యాంకులో సంతకం కలవడం లేదంటే కొత్త నమూనా సంతకం ఇచ్చి మార్పించుకోండి, డాక్టర్ చీటీ వెంట తీసుకెళ్లండి.