మొండి నమ్మకంతో మాట్లాడటం: 4వ పాఠం – పైకి ఏం అడగాలి?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: "ఏం చూస్తే ఈ నమ్మకం తప్పని ఒప్పుకుంటారు?" చాలామంది దాన్ని నేరుగా ఇంట్లో పెద్దవాళ్ళనే అడిగేశారు. ఒకరింట్లో పండగ భోజనాల దగ్గర గొడవయింది. ఒకమ్మాయితో వాళ్ళ పెదనాన్న మాట్లాడటం మానేశారు. ఇంకొకాయన బంధువుల వాట్సాప్ గ్రూపులో అడిగి, చివరికి ఆ గ్రూపులోంచి బయటికి రావలసి వచ్చింది.

ఆ ప్రశ్న ఎదుటి మనిషి నమ్మకం ఎంత గట్టిపడిందో మీరు మనసులో అంచనా వేసుకోవడానికి. అదే పైకి అడిగితే, కాళ్ళ కింద నేల లాగేస్తానని చెప్పినట్టు వినిపిస్తుంది. అందుకే ఈసారి కొత్త విషయానికి పోవడం లేదు. పైకి ఏం అడగాలో చూద్దాం. భక్తికీ ఛాందసానికీ, అంటే ఏం చూసినా మారనని మొండికేసే నమ్మకానికీ, తేడా మాత్రం మళ్ళీ చెప్పను, మొదటి పాఠంలో ఉంది.

ముందు మీ ఉత్తరాలన్నిట్లోనూ ఉన్న ఒక మాట సంగతి తేల్చాలి. "ఇంత చదువుకున్నాయన ఇలా ఎలా నమ్ముతాడండీ?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఛాందసం చదువు లేకపోవడం వల్ల వస్తుందనుకున్నంత కాలం మీరు ఎదుటివాళ్ళకు పాఠం చెప్పడానికే కూర్చుంటారు, వాళ్ళ మాట వినరు.

జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మతబృందం 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ అనే విషరసాయనం వదిలింది. ఆ పని స్వయంగా చేసింది ఐదుగురు. అందులో ఇకువో హయాషి గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. తోరు తోయోదా టోక్యో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివినవాడు. కెనిచి హిరోసే వసేదా విశ్వవిద్యాలయంలో అనువర్తిత భౌతికశాస్త్రం చదివాడు. రోజూ మనుషుల ప్రాణాలు కాపాడిన చేతులే ఆ విషం సంచిని పొడిచాయి. వీళ్ళకు ఏ డిగ్రీ తక్కువైందని? చదువు మనిషికి వాదించే నేర్పు ఇస్తుంది. ముందే తేల్చేసుకున్న దాన్ని సమర్థించుకోవడానికి కూడా ఆ నేర్పే పనికొస్తుంది.

చూడవలసింది వేరే ఉంది: ఆ మనిషి సందేహాన్ని ఎంతసేపు భరించగలడు? ఏదో ఒక జవాబు ఇప్పుడే కావాలి, అది ఇక మారకూడదు అనే తహతహ అందరిలో ఒకేలా ఉండదు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని 1994లో డోనా వెబ్‌స్టర్, ఆరీ క్రుగ్లాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఒకే మనిషిలోనూ అది పెరుగుతుంది, తగ్గుతుంది. అలసట, హడావిడి, చుట్టూ గోల దాన్ని పెంచుతాయి. పెళ్ళింట్లో, రాత్రి పదకొండింటికి, పదిమంది ముందు అడిగితే ఏమవుతుందో ఇక మీరే చెప్పగలరు. నేనైతే ఈ మాటలు ఫోన్లో మాట్లాడను. ఇద్దరమే ఉన్నప్పుడు, ఉదయం కాఫీ తాగాక మాట్లాడతాను.

ఇక ప్రశ్న ఎలా ఉండాలన్నది. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలోది. కాన్సస్ రాష్ట్రం టొపీకాలో వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి ఉంది. సభ్యుల్లో ఎక్కువమంది దాన్ని పెట్టిన ఫ్రెడ్ ఫెల్ప్స్ కుటుంబంవాళ్ళే. సైనికుల అంత్యక్రియల దగ్గర ద్వేషపు రాతల అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఫ్రెడ్ మనవరాలు మేగన్ ఫెల్ప్స్-రోపర్ ఐదేళ్ళ వయసు నుంచీ ఆ అట్టలు పట్టుకుంది. ట్విట్టర్‌లో ఆమెతో డేవిడ్ అబిట్‌బోల్ అనే యూదుడు వాదనకు దిగాడు. మొదట ఇద్దరూ కోపంగానే రాసుకున్నారు. తర్వాత అతను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆమె యూదులను తిట్టే అట్ట పట్టుకుని నిలబడిన చోటికే జెరూసలేం నుంచి మిఠాయి తెచ్చి ఇచ్చాడు.

స్వలింగ సంపర్కులకు మరణశిక్ష వేయాలన్న అట్ట గురించి అతను ఆమె బైబిల్‌లోంచే అడిగాడు. పాపం లేనివాడే మొదటి రాయి వేయమని యేసు అన్నాడు కదా? చంపేస్తే ఆ మనిషికి పశ్చాత్తాపపడే అవకాశం ఎక్కడుంటుంది? దానికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది. ఆ ఒక్క అట్ట పట్టుకోవడం మానేసింది. బయటికి వచ్చింది మాత్రం 2012 నవంబరులో, చెల్లెలితో కలిసి. ఈలోగా చర్చిలో మగపెద్దలు పెత్తనం తీసుకుని ఆమె తల్లిని పక్కకు నెట్టడం కూడా చూసింది. వెళ్ళిపోతే అమ్మానాన్నలు ఇక మాట్లాడరని ఆమెకు తెలుసు. ఛాందసంలో ఉన్న మనిషి ఒక అభిప్రాయాన్ని వదులుకోవాలంటే చాలాసార్లు ఇల్లు వదులుకోవాలి. మీ ప్రశ్న ఎంత బరువు మోపుతోందో తెలుసుకుని అడగండి.

పెదనాన్న మాట్లాడటం మానేసిన అమ్మాయికి: ఆయన ఫలానా మతంవాళ్ళ కొట్లో సరుకులు కొనొద్దన్నారని రాశావు. "ఇది ఏ కాలం పెదనాన్నా" అనకు. ఆయన రోజూ పోతన భాగవతం చదువుతారన్నావు కదా. అక్కడే అడుగు: "ప్రహ్లాదుడు అన్ని ప్రాణులనూ తనతో సమానంగా చూసేవాడని పోతన అన్నాడు కదా పెదనాన్నా, మనం ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలి?" అడిగి ఊరుకో. జవాబు వెంటనే రాకపోతే రెండో ప్రశ్న వేయకు. క్రైస్తవ కుటుంబమైతే, దెబ్బలు తిని దారిలో పడివున్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ బైబిల్‌లో ఉంది. ముస్లిం కుటుంబమైతే, ధర్మం విషయంలో బలవంతం లేదన్న ఖురాన్ వాక్యం రెండో అధ్యాయంలో ఉంది. ఆ పుస్తకం మీద మీకు నిజంగా గౌరవం లేకపోతే మాత్రం ఈ పద్ధతి వాడకండి, వాళ్ళు ఇట్టే పసిగడతారు. ఎవరినైనా కొడతానని, చంపుతానని అంటున్న మనిషి దగ్గర కూడా ఇది పనికిరాదు. అక్కడ పోలీసులకు చెప్పాలి.

అభ్యాసం: ఈ నెలంతా, కింద చెప్పే ఒక్క ప్రశ్న తప్ప, ఎవరినీ ఏమీ అడగొద్దు. మీ ఇంట్లో ఆ మనిషి నమ్మే గ్రంథంలో ఒక భాగం పూర్తిగా చదవండి. ప్రహ్లాద చరిత్ర అయితే పద్యాలతో సహా చదవాలి, సారాంశం చాలదు. తర్వాత ఆ మనిషి వాదనను ఒక పేజీలో, ఆయనే రాసినట్టు, ఎక్కడా ఎగతాళి లేకుండా రాయండి. దాన్ని ఆయనకే చూపించి "మీరు చెప్పేది ఇదేనా?" అని అడగండి. కాదంటే దిద్దించుకుని మళ్ళీ రాయండి. "అవును, ఇదే" అని ఆయన నోటి నుంచి వచ్చాకే 5వ పాఠం మొదలుపెట్టండి.