జిప్సీకి బ్రేక్ ప్యాడ్లు మార్చాలా? ముందు పాతవి చూడండి

పాడేరు ఘాట్ దిగి బండి ఆపాక ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కు ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. రిమ్ముకి బెత్తెడు దూరంలో అరచెయ్యి పెడితే చాలు. రెండు వైపులా ఒకేలా వేడిగా ఉంటే ఫర్వాలేదు. ఒక వైపే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. కొత్త ప్యాడ్లు వేసినంత మాత్రాన అది పోదు.

మాది జిప్సీల్లో ఎంజీ413డబ్ల్యూ మోడల్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఊసే లేదు. మారుతి ఈ బండిని 1985లో తెచ్చి 2019లో ఆపేసింది. కాబట్టి ఏ జిప్సీ అయినా రబ్బర్లు ఎండి, పిన్నులు తుప్పు పట్టి ఉంటాయనే లెక్కలో చెయ్యి పెట్టాలి.

ప్యాడ్ మీద మందు, అంటే డిస్కుని రాసుకునే పొర, 3 మిల్లీమీటర్లకి దిగిందంటే మార్చేయండి. కొన్ని ప్యాడ్లకి అరగగానే కీచుమనే రేకు ఉంటుంది గానీ చవక రకాల్లో చాలావాటికి ఉండదు. చప్పుడు వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఇనుము డిస్కుని కోసేస్తుంది. ఎప్పుడు మార్చినా రెండు ముందు చక్రాలకీ కలిపే మార్చాలి.

గట్టి చదును నేల మీద, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేసుకోండి. జాకీ ముందు యాక్సిల్ కింద పెట్టి ఎత్తి, స్టాండు మీద దించండి. వట్టి జాకీని నమ్మి పని చెయ్యొద్దు. చక్రం ఊడదీశాక ఆ నల్ల పొడిని నోటితో గానీ గాలి గన్నుతో గానీ ఊదకండి, పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ బోల్టులు విప్పి పైకి తీశాక దాన్ని బ్రేక్ హోస్ (ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టం) మీద వేలాడనివ్వకండి. ఒక తీగ ముక్కతో లీఫ్ స్ప్రింగుకి కట్టేయండి. ఇప్పుడు పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టండి. చాలా షెడ్లలో వీటిని చూడకుండానే డబ్బాలో పడేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పల్చగా వాలుగా అరిగిందా, క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్ను జారడం లేదు. లోపలిదీ బయటిదీ ఒకేలా అరగకపోతే పిన్నుల్లోనో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌లోనో ఇరుకు ఉంది. ప్యాడ్ మీద జిడ్డు కనిపిస్తే చక్రం తిరిగే కీలు దగ్గరి నకిల్ సీలు కారుతోందేమో చూడండి. జిప్సీకి అది మామూలే. సీలు మార్చకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ తడిసిపోతాయి.

పిన్నులు బయటికి లాగండి. మా వైపు బళ్లలో పిన్ను మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగితే అందులోంచి ఎర్రమట్టి దూరి, పాత గ్రీజుతో కలిసి లప్పంలా గట్టిపడి ఉంటుంది. శుభ్రంగా తుడిచి, ఎమెరీ పేపరుతో తుప్పు తీసి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా రాయండి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చిరిగిన బూట్లు మార్చాల్సిందే.

పిస్టన్ లోపలికి నొక్కే ముందు రిజర్వాయర్‌లోంచి కొంచెం బ్రేక్ ఆయిల్ తీసేయండి, లేకపోతే పొంగి పెయింటు తినేస్తుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి జి క్లాంపుతో మెల్లగా బిగించండి. పిస్టన్ సాఫీగా వెళ్లాలి. మొరాయిస్తుంటే బ్లీడర్ (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే స్క్రూ) కొంచెం వదలండి. అప్పుడు సులువుగా వెళ్తే తప్పు హోసుది, లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి పోనివ్వడం లేదు. అప్పటికీ కదలకపోతే క్యాలిపర్ కిట్టు (కొత్త సీళ్లు, రబ్బర్లు) వేయాలి. బ్లీడర్ వదిలారంటే ఆఖరున ఎయిర్ తీయడం మరవకండి.

డిస్కుకి లోతు గాట్లు, అంచున మెట్టు ఉంటే మందం కొలిపించి, కనీస కొలత కన్నా తగ్గితే మార్చండి. కొత్త ప్యాడ్ల ముఖానికి చేతి జిడ్డు అంటనివ్వకండి. అన్నీ బిగించాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి తొక్కుకి అది నేలకి పోతుంది, ఆ స్థితిలో రోడ్డెక్కితే ఆగదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి మెత్తగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయండి. ఆ పని అవ్వకుండా ఘాట్ ఎక్కకండి.

ఘాట్ అంటే ఇంకో మాట. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు. ఇంజన్ పట్టు లేక భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. తారు ఘాట్‌లో టూ-హైలోనే (వెనక చక్రాలకే ఇంజన్ బలం) రెండో గేరో మూడో గేరో చాలు. నాలుగు చక్రాలకీ నెమ్మది గేర్లో బలం ఇచ్చే ఫోర్-లో మట్టి దారికే, పొడి తారు మీద వద్దు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే లైన్లో ఆవిరి పట్టి పెడల్ మెత్తబడుతుంది. ఇక కొత్త ప్యాడ్లు వేసినా పెడల్ బాగా కిందికే వెళ్తుంటే, లైన్లో గాలి లేదని తేలాక వెనక డ్రమ్ములు విప్పించండి. షూలు అరిగో, యాక్సిల్ సీలు కారి ఆయిల్‌లో నానో ఉంటాయి.