చెన్నై ఎఫ్‌ఎం రాజోలులో పలికితే: భూకంప సూచనో కాదో లెక్క కట్టడం ఎలా?

తెల్లవారుజామున రాజోలులో రేడియో తిప్పుతుంటే తమిళ ప్రకటన ఖంగుమంటుంది. ఎఫ్‌ఎం మామూలుగా 60, 80 కిలోమీటర్లు దాటదు. చెన్నై 400 పైచిలుకు! 'భూకంపం రాబోతోందట' అని వాట్సాప్‌లో పెట్టేముందు కాస్త ఆగండి.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ఉల్క రాలితే దూరపు ఎఫ్‌ఎం ఒక్క క్షణం వినిపిస్తుంది. జపాన్‌లో ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు యోషియో కుషిదా ఇలా ఉల్కల కోసం ఎఫ్‌ఎం వింటూ, భూకంపాలకు ముందు ఆ సిగ్నళ్లలో తేడా కనిపిస్తోందన్నారు. 1995 కోబె భూకంపానికి ముందు వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ పౌనఃపున్యపు రేడియో) తరంగాలు మారాయని జపాన్ శాస్త్రవేత్త హయకావా బృందం రాసింది. అయినా ఈ పద్ధతిని నమ్మి హెచ్చరిక ఇచ్చే స్థితి ఇంకా రాలేదు.

మన తీరంలో మొదట పట్టాల్సింది బంగాళాఖాతాన్ని. నీటిని ఆనుకుని చల్లటి తేమగాలి, దానిపైన వేడి పొడిగాలి పరుచుకుంటే, తరంగం ఆ సందులో చిక్కి భూమి వంపు వెంటే పాకుతుంది. ఎండాకాలంలో 100 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడే అయాన్ల పొరలు ఇంకా దూరపు స్టేషన్లనూ దించుతాయి.

మొదటి పని: 88–108 మెగాహెర్ట్జ్‌లో మీ ఊళ్లో ఎప్పుడూ 'సర్ర్' తప్ప ఏమీ రాని ఒక చోటు ఎంచుకోండి. అంకెలు కనిపించే మామూలు రేడియో చాలు.

రెండోది: రేడియో అదే కిటికీలో, ఏరియల్ అదే వైపు ఉండాలి. నేనోసారి రేడియోను వరండాలోకి మార్చి, సిగ్నల్ పెరిగిందని సంబరపడ్డాను! రొయ్యల చెరువులో ఏరేటర్లు తిరిగేవేళ గరగర ఎక్కువవుతుందేమో కూడా చూడండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద వింటే ఆ గుట్టు తెలిసిపోతుంది.

ఇక నోటుబుక్కు. పొద్దున 6కి, రాత్రి 9కి పది నిమిషాలు వినండి. తేదీ, భాష, గాలి ఎటునుంచి, మంచు పట్టిందా అన్నవి రాయండి. తమిళం వినగానే చెన్నై అనేయకండి, పుదుచ్చేరి కావచ్చు. స్టేషన్ పేరు చెప్పేదాకా ఆగాలి. ఏమీ రాని రోజు 'లేదు' అని రాయడం మాత్రం మానకండి. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అలాంటి రోజు తర్వాత పాత పేజీలు తిరగేస్తే ఏదో ఒక వింత దొరక్క మానదు. అదే వింత మార్చిలో పది రోజులు వచ్చి, నేల కదలకపోతే దాన్ని ఏ ఖాతాలో వేస్తాం?

అందుకే ఎన్ని రోజుల్లోపు, ఎంత దూరంలో, ఎంత తీవ్రత దాటితే లెక్కలోకి తీసుకుంటారో మొదటి పేజీలోనే రాసి సంతకం పెట్టండి. ఏడాది నిండాక, దేశంలో భూకంపాలను నమోదు చేసే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ జాబితా తెరిచి పోల్చండి. మధ్యలో ఆ హద్దుల గీత జరపకూడదు.